తనంతట తాను పడుకునే టెలిస్కోపు

మా ఆయన నన్ను వదిలి వెళ్ళే ముందు, పెరట్లో ఉన్న టెలిస్కోపుకి తనంతట తాను పడుకోవడం నేర్పాడు. ఆ పనికి ఒక వేసవి పట్టింది. ఆ వేసవంతా నేను కాఫీలు కాచి ఇచ్చాను, నిచ్చెన పట్టుకున్నాను, తీగలు అందించాను, చివరికి ఏది ఎక్కడ బిగించాలో కూడా నేనే చూపించాను. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాళ్ళని చూసి అందరూ నవ్వుతారు. నరికేటప్పుడు ఆ రంపం చప్పుడు ఎంత ముచ్చటగా ఉంటుందో నవ్వేవాళ్ళకి తెలీదు.

మా ఊళ్ళో మే నెల వచ్చిందంటే చీకటి పోతుంది. సూర్యుడు దిగిపోయినా ఉత్తరాన ఆకాశం తెల్లగానే ఉంటుంది. మళ్ళీ ఆగస్టు దాకా నక్షత్రాలు చూసేవాళ్ళకి పని లేదు. ఫ్యోర్డు ఒడ్డున, అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ పక్కన, మిగతా ఆడవాళ్ళంతా వేసవి వస్తే మొగుళ్ళు పడవలు పట్టుకుని పోతారని తిట్టుకుంటారు. నాకు మాత్రం అవి మొగుడు చేతికి చిక్కే నెలలు. ఆ ఏడాది కూడా అలాగే అనుకున్నాను.

మా టెలిస్కోపు మనిషంత గొట్టం. ఇనప స్తంభం మీద దాన్ని మోస్తూ అటూ ఇటూ తిప్పే యంత్రం ఒకటి ఉంటుంది, దాన్ని మౌంటు అంటారు. వీటన్నిటి చుట్టూ చెక్కగది. ఆ గది కప్పు పట్టాల మీద జరుగుతుంది. గొట్టం నిటారుగా ఉండగా కప్పు జరిగిందంటే నేరుగా వచ్చి గుద్దుకుంటుంది. అందుకని మా ఇంట్లో ఒక నియమం ఉండేది. గొట్టాన్ని అడ్డంగా పడుకోబెట్టాక ఒకరు దాని మీద అరచెయ్యి ఆనించి "పడుకుంది!" అని కేక వెయ్యాలి. ఆ కేక వినబడందే రెండోవాళ్ళు కప్పు మీట నొక్కకూడదు. కేక నాది, మీట మా ఆయన టోర్కిల్‌ది. పెళ్ళయిన ఏడాది నుంచీ అంతే. జ్వరంతో మూలుగుతున్న రోజున కూడా దుప్పటి కప్పుకుని వెళ్ళి ఆ కేకేదో వేసి వచ్చి పడుకున్నాను.

ఆ మే నెలలో ఒక సాయంత్రం, కొత్త బంగాళాదుంపలు ఉడికించిన రోజున, టోర్కిల్ ఫోర్కు పక్కన పెట్టాడు.

"ఈ వేసవిలో దానికి తనే పడుకునేలా ఏర్పాటు చేస్తాను. మబ్బు పట్టినా, చినుకు పడినా, తెల్లవారినా దానంతట అదే పడుకోవాలి. కప్పు దానంతట అదే మూసుకోవాలి. మనిషి ఉండక్కర్లేదు."

"మరి నేనేం చెయ్యాలి?"

"నిద్రపో. బేకరీకి నాలుగింటికే లేవాలి కదా. నా మూలంగా నీకు నిద్ర చెడడం పాపం."

"ఇన్నేళ్ళకి గుర్తొచ్చిందా ఆ పాపం?"

"వెటకారం వద్దు, విబెకె. నిజంగా నీ కోసమే."

నేను మురిసిపోయాను. మర్నాడు బేకరీలో పిండి పిసుకుతూ అందరికీ చెప్పాను, మా ఆయన నా నిద్ర కోసం యంత్రం కడుతున్నాడని. ఒక పిల్ల అయితే "మీరు అదృష్టవంతులు" అని కళ్ళు పెద్దవి చేసింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

జూన్ మొదట్లో మెరెటె వచ్చింది. ఆల్బోర్గ్‌లో నక్షత్రాల సంఘంలో టోర్కిల్‌కి పరిచయమైన మనిషి, ప్రోగ్రాములు రాస్తుంది. నాకంటే పదేళ్ళు చిన్నది. పొట్టి జుట్టు, పొడుగు చేతులు, భుజానికి వేలాడే సంచిలో పనిముట్లు. వస్తూనే బూట్లు విప్పి, ఉత్త మేజోళ్ళతో వంటింట్లోకి వచ్చింది.

"కేక వేసేది మీరేనా? టోర్కిల్ చెప్పాడు," అంది నవ్వుతూ.

"నేనే. జీతం లేదు, సెలవు లేదు."

"అయితే మీకు పింఛను ఇప్పించడానికే వచ్చాననుకోండి."

నాకు నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే మెరెటె నాకు నచ్చింది. మాట చక్కగా మాట్లాడేది. ముగ్గురం చెక్కగదిలోకి వెళ్ళాం. టోర్కిల్ మౌంటుని తిప్పి గొట్టాన్ని పడుకోబెట్టాడు. కంప్యూటరు తెర మీద 'పార్కు అయింది', అంటే పడుకుంది, అని వచ్చింది.

"చాలదు," అంది మెరెటె. "మౌంటు మాట నమ్మకూడదు. అది తన మోటారు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుని, పడుకున్నాను అంటుంది. నిజంగా పడుకుందో లేదో దానికి తెలీదు. తాకి చూసేది ఇంకోటి ఉండాలి. మీరు చెయ్యి ఎక్కడ ఆనిస్తారు?"

నేను చెయ్యి ఆనించాను. మెరెటె నా వేళ్ళ పక్కన నీలం టేపు ముక్క అంటించింది. సాయంత్రానికల్లా సరిగ్గా ఆ ఎత్తున, గోడ నుంచి చాచిన ఒక ఇనప పట్టీ చివర, గోరంత స్విచ్చు బిగించారు. గొట్టం పడుకుంటే దాన్ని నొక్కుతుంది. అది నొక్కుకుంటేనే కప్పు కదులుతుంది. నొక్కుకోకపోతే తలకిందులుగా తపస్సు చేసినా కదలదు.

"చూశావా, విబెకె! అచ్చం నీ చెయ్యే!" అన్నాడు టోర్కిల్. నన్ను పొగుడుతున్నాననే అనుకున్నాడు.

ఆ పూట పంది మాంసం ముక్కలు కరకరలాడేలా వేయించి, పార్స్లీ సాసు చేశాను. పెట్టిన తిండిని ఎత్తిపొడవకూడదంటారు. నేను ఎత్తిపొడుస్తాను. మెరెటె మూడుసార్లు వడ్డించుకుంది. తర్వాత గిన్నెలు కడగడానికి లేచింది గాని టోర్కిల్ ఆపి, వాన పసిగట్టే పరికరం సంగతి మాట్లాడాలని బయటికి తీసుకుపోయాడు. గిన్నెలు నేనే కడుక్కున్నాను.

జూన్ చివర్లో మంటలు వేసే సాంక్ట్ హాన్స్ పండుగనాడు ఊరంతా ఒడ్డుకి చేరింది. చితుకులూ విరిగిన పెట్టెలూ పేర్చి, పైన గడ్డితో చేసిన మంత్రగత్తె బొమ్మని నిలబెట్టి అంటించారు. మెరెటె ఆ వారం కూడా మా ఇంట్లోనే ఉంది. మా పక్కింటి ఎవాల్డ్ బీరు సీసాతో వచ్చి టోర్కిల్ భుజం చరిచాడు. చేపల పడవ అమ్మేసిన దగ్గర్నుంచీ ఎవాల్డ్‌కి ఊరివాళ్ళ కబుర్లే కాలక్షేపం.

"ఏమయ్యా, నీ గొట్టం ఒంటరిగా పడుకోవడం నేర్చుకుందటగా? మా ఆవిడ ఎప్పుడో నేర్చుకుంది. దానికి స్విచ్చు కూడా అక్కర్లేకపోయింది!"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. టోర్కిల్ నవ్వలేదు, అసలు వినలేదు. ఇంటి దగ్గర మెరెటె పెట్టిన పరికరానికి నాలుగు చినుకులు తగిలాయట, కప్పు మూసుకుంటోందట, అది ఫోనులో చూస్తున్నాడు. మెరెటె కూడా చూస్తోంది. ఒకే ఫోను, దాని మీద రెండు తలలు. మంట వెలుగు ఆ ఇద్దరి మెడల మీద పడుతోంది. ఊరంతా మంట చూస్తుంటే వాళ్ళిద్దరే దానికి వీపు పెట్టి నిలబడ్డారు.

"సాసేజీ తింటారా?" అని అడిగాను.

"తర్వాత," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

నేను వెళ్ళి మూడు సాసేజీలు తెచ్చి, మూడూ నేనే తిన్నాను. కడుపు నొప్పి వచ్చింది. సాసేజీల వల్లేనని సర్ది చెప్పుకున్నాను.

ఆగస్టు వచ్చింది, చీకటి మళ్ళీ మొదలైంది. కాఫీ తాగుతూ టోర్కిల్ చెప్పాడు:

"శుక్రవారం అసలు పరీక్ష. ఆ రోజు ఇంట్లో ఎవరూ ఉండకూడదు."

"నేను పడగ్గదిలో ముసుగు తన్ని పడుకుంటే దానికేం అడ్డం?"

"నువ్వుంటే, ఏదైనా తేడా వస్తే ఊరుకోలేవు. వెళ్ళి సరిచేస్తావు. అప్పుడది పరీక్షే కాదు."

"మరి నువ్వు?"

"దూరం నుంచి చూడాలి కదా. ఆల్బోర్గ్ వెళ్తాను. మెరెటె దగ్గర పెద్ద తెర ఉంది."

"పెద్ద తెర," అన్నాను.

"పెద్దదే," అన్నాడు, కప్పులో చెంచా తిప్పుతూ. టోర్కిల్ కాఫీలో పంచదార వేసుకోడు.

నేను ఆర్హూస్‌లో మా అక్క ఇంగెర్ ఇంటికి వెళ్ళాను. ఎందుకొచ్చానో చెబితే మా అక్క కేకు కోస్తున్న కత్తి ఆపింది.

"పెళ్ళాన్ని ఇంట్లోంచి పంపించి చేసే పరీక్ష ఏమిటే? ఎవరికే ఆ పరీక్ష?"

"టెలిస్కోపుకి."

"టెలిస్కోపుకా?"

"టెలిస్కోపుకే అక్కా. నీకు అన్నీ వంకరగానే కనబడతాయి."

మా అక్క కత్తి మళ్ళీ కేకులోకి దించింది. నా ముక్క పెద్దది కోసింది.

పరీక్ష నెగ్గింది. ఒక్క పూట నెగ్గితే నమ్మకం ఏమిటని తర్వాతి పరీక్ష శుక్రవారం నుంచి ఆదివారం దాకా పెట్టారు. ఆ తర్వాతది వారం. పొమ్మనలేక పొగబెట్టడం అని వింటుంటాం. మా ఆయన నన్ను పొమ్మననూ లేదు, తను పోతాననీ అనలేదు. పరీక్ష పొడిగించుకుంటూ పోయాడు. వారం పరీక్షకి నన్ను ఇల్లు విడిచి వెళ్ళమని కూడా అడగలేదు.

"నీకు బేకరీ ఉంది కదా, ఎక్కడికి పోతావు? ఇంట్లోనే ఉండు. దాన్ని ముట్టుకోకుండా ఉంటే చాలు," అన్నాడు ఫోనులో.

అంటే నేను ఇంట్లో ఉన్నా లేనట్టే లెక్క. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది, తట్టినా పక్కకి నెట్టేశాను. ఆ వారం అతని ఉన్ని బూట్లు ఎండలో ఆరబెట్టాను, చలికాలం వస్తోందని.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం వచ్చాడు. రై రొట్టె, ఊరవేసిన హెర్రింగు చేప, ఉల్లిపాయ చక్రాలు బల్ల మీద పెట్టాను. అతను చేప ముక్క మీద ఉల్లి చక్రాలు ఒకదాని పక్కన ఒకటి పేరుస్తూ కూర్చున్నాడు.

"నెగ్గింది. ఇక దానికి ఢోకా లేదు," అన్నాడు.

"మంచిదే. అయితే ఇంటికి వచ్చెయ్."

ఉల్లి చక్రం ఒకటి తీసి ఇంకో చోట పెట్టాడు.

"విబెకె, నేను ఆల్బోర్గ్‌లోనే ఉండిపోతాను."

నేను అరుస్తానని భయపడ్డాడు కాబోలు, భుజాలు ముడుచుకున్నాడు. నేను అరవలేదు. రొట్టె మీద వెన్న రాసుకున్నాను. రాసిన దాని మీదే మళ్ళీ రాసుకున్నాను.

"ఇల్లు నీదే," అన్నాడు. "టెలిస్కోపు మాత్రం ఇక్కడే ఉండనీ. అక్కడ వీధి దీపాలు, చీకటన్నది లేదు. నువ్వేం చెయ్యక్కర్లేదు. అదే తెరుచుకుంటుంది, అదే పడుకుంటుంది. నీకు తెలియను కూడా తెలీదు."

"ఉంచుకో," అన్నాను.

ఎందుకన్నావని మా అక్క ఫోనులో నన్ను చెడామడా తిట్టింది. ఏరు దాటి తెప్ప తగలేసినవాడికి నీ పెరట్లో రేవు కూడా కట్టి ఇస్తావా అంది. ఎందుకన్నానో నాకు తెలుసు. టెలిస్కోపు ఇక్కడుంటే మనిషి వస్తాడనుకున్నాను. అద్దం తుడవడానికో, నట్టు బిగించడానికో, ఏదో ఒకదానికి రాక తప్పదు కదా. వస్తే చలిలో వస్తాడు. చలిలో వచ్చినవాడు వంటింట్లోకి రాకుండా పోడు. నా ఆశంతా అంతే.

కాని ఆ యంత్రం బాగా పనిచేసింది. చెడ్డగా పనిచేసే వస్తువులు లోకంలో ఎన్ని లేవు! మా తలుపు గొళ్ళెం సరిగ్గా పడదు, మా బేకరీ పొయ్యి వారానికోసారి మొరాయిస్తుంది. అది మాత్రం మొరాయించలేదు. పొద్దు వాలగానే పెరట్లో సన్నగా కూత వినబడేది, కప్పు జరిగేది, గొట్టం లేచి ఒళ్ళు విరుచుకున్నట్టు ఆకాశంలోకి తిరిగేది. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. నూరు కిలోమీటర్ల అవతల కూర్చుని నా పెరట్లో వస్తువుని కదిపే మనిషి, నాకు ఒక్క ఫోను చెయ్యడానికి కదిలేవాడు కాదు. రోజూ దాని చావు కోరుకునేదాన్ని. కోరుకోవడమే, ఏనాడూ వేలు కూడా పెట్టలేదు.

అక్టోబరులో ఒక సాయంత్రం, నేను సూపు పొయ్యి మీద పెట్టి ఉన్నాను. పడమటి నుంచి పెనుగాలి. దీపాలు ఆరిపోయి, కాసేపటికి వెలిగాయి. వెంటనే ఫోను మోగింది.

"విబెకె! కరెంటు పోయి వచ్చింది కదా?" టోర్కిల్ గొంతు ఆయాసంగా ఉంది. "అది కదులుతుండగా మధ్యలో పోయింది. మళ్ళీ రాగానే మౌంటు ఎక్కడ ఆగిందో అక్కడే పడుకున్నాననుకుంటోంది. గొట్టం నిటారుగా ఉంది. స్విచ్చు నొక్కుకోలేదు, కప్పు కదలడం లేదు. ఇక్కణ్ణుంచి తిప్పితే స్తంభానికి కొట్టుకుంటుంది. వాన మొదలైందా?"

కిటికీ అద్దం మీద వాన కొరడాతో కొట్టినట్టు కొడుతోంది.

"మొదలైంది."

"అయితే పరిగెత్తు. మౌంటుకి రెండు మరలు ఉంటాయి, నీకు తెలుసు. వదులు చేసి చేత్తో పడుకోబెట్టెయ్. రెండు నిమిషాల పని."

"ఇంట్లో ఎవరూ లేరు, టోర్కిల్."

"ఏమిటా మాటలు? నీతోనే కదా మాట్లాడుతున్నాను!"

"ఎవరూ ఉండరనే కదా కట్టావు. ఎవరూ లేరు."

ఫోను పెట్టేశాను. మళ్ళీ మోగింది, తియ్యలేదు. లేచాను, బూట్లు తొడుక్కున్నాను, తలుపు దాకా వెళ్ళాను. ఆ గొట్టం అడుగున ఉన్న అద్దాన్ని మేమిద్దరం ఇదే వంటింట్లో, ఇదే బల్ల చుట్టూ తిరుగుతూ, ఒక చలికాలమంతా చేత్తో అరగదీసి నునుపు చేశాం. వాన దాని మీద పడుతుంటే నా ఒంటి మీద పడుతున్నట్టే ఉంది. అయినా బూట్లు విప్పేసి వచ్చి కూర్చున్నాను. నేను వెళ్తే అతను రాడు. వెళ్ళకపోతే వస్తాడు. నాకు కావలసింది అతను రావడం. సూపులో ఇంకో గ్లాసు నీళ్ళు పోశాను, కాఫీ పెట్టాను, రెండు కప్పులు తీశాను.

వచ్చాడు. గంటన్నర దాటాక కారు దీపాలు పెరట్లోకి తిరిగాయి. నేరుగా చెక్కగదిలోకి పరిగెత్తాడు. చాలాసేపటికి కప్పు పట్టాల మీద గీరుకుంటూ మూసుకున్న చప్పుడు వినబడింది. తర్వాత తలుపు తట్టాడు. సొంత తలుపు తట్టడం అతనికి అదే మొదటిసారి.

తీశాను. నెత్తి మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఒక్కడే వచ్చాడు. తీసి పెట్టిన రెండో కప్పు గుర్తొచ్చింది.

"ఇంట్లోనే ఉన్నావు," అన్నాడు.

"ఉన్నాను. లోపలికి రా, తల తుడుచుకో. సూపు ఉంది."

గడప మీదే నిలబడ్డాడు. కోపంగా లేడు. ఏదైనా పాడైతే దాని వంక చూసే చూపు ఒకటుంది అతనికి, ఓపిగ్గా, కళ్ళు చికిలించి. ఆ చూపుతో నన్ను చూస్తున్నాడు. ఎన్నాళ్ళకో నన్ను అలా చూడటం.

"ఎందుకు వెళ్ళలేదు, విబెకె?"

"నువ్వు రావాలని."

దాచుకోకుండా అనేశాను. అంతకంటే సిగ్గు విడిచి ఇంకెలా చెప్పాలో నాకు తెలీదు. అతను తల వంచాడు. ఒకసారి చెక్కగది వైపు చూసి, మళ్ళీ నా వైపు తిరిగాడు.

"అంటే కరెంటు పోతే అది ఇంకా మనిషి మీదే ఆధారపడుతోంది," అన్నాడు. "అదీ లోపం. మేం చూసుకోలేదు. బ్యాటరీ ఒకటి పెట్టాలి. శనివారం మెరెటెతో వచ్చి పెట్టేస్తాను. ఇక నీకు ఈ ఇబ్బంది ఉండదు."

అతని గొంతులో నిజంగానే జాలి ఉంది. ద్వేషం ఉంటే పోట్లాడి ఉండేదాన్ని, గిన్నె ఎత్తి మొహాన కొట్టి ఉండేదాన్ని. జాలికి ఏం చెయ్యాలో నాకు తోచలేదు. ఆ దిక్కుమాలిన గొట్టాన్ని పెకలించుకుని తీసుకుపో అనవచ్చు. నోటిదాకా వచ్చింది. శనివారం మళ్ళీ వస్తాడు కదా అని ఊరుకున్నాను.

శనివారం ఇద్దరూ వచ్చి బ్యాటరీ పెట్టారు. చాలా బాగా పెట్టారు. ఆ చలికాలం గాలివానలకి మా ఊళ్ళో కరెంటు ఎన్నోసార్లు పోయింది. అది ఒక్కసారి కూడా తప్పు చెయ్యలేదు, టోర్కిల్‌కి ఒక్కసారి కూడా రావలసిన అవసరం కలగలేదు.